సారే ఎగతాళి చేస్తుంటే పిల్ల ఏమని చెప్పాలి?

ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయిని లెక్కల సారు రంగు చూసి "నల్లబల్లా" అని పిలుస్తున్నారని, క్లాసంతా నవ్వుతోందని, మీవారు రేపే బడికెళ్లి కడిగేస్తానంటున్నారని రాశారు. విజయవాడ ఎండకంటే ముందు ఆయన్ని కాస్త చల్లబరచండి. అసలు తనకేం కావాలో పిల్లనే అడగండి.

మాది గుంటూరు, బ్రాడీపేట. మావాడికి కొంచెం నత్తి. ఏడో తరగతిలో తెలుగు సారు వాణ్ణే లేపి పద్యం చదివించేవారు. మొదటి అక్షరం దగ్గర వాడు ఆగగానే తనూ "క.. క.. క" అనేవారు. ఇంటర్వెల్లో పిల్లలూ మొదలెట్టారు. మేమొస్తామంటే మావాడు "మీరొచ్చి అరిస్తే నాకు ఇంకో పేరు పెడతారు" అన్నాడు. నిజమే కదా!

వాడే చెప్పుకుంటానన్నాడు. క్లాసులో మాత్రం వద్దన్నాం. అందరి ముందు చెబితే సారుకి పరువు అడ్డొస్తుంది, పిల్లాడికి పొగరని పేరొస్తుంది. స్టాఫ్‌రూమ్ దగ్గర, స్నేహితుణ్ణి తోడు తీసుకుని వెళ్లమన్నాం. ఇంట్లో మావారు సారై కుర్చీలో కూర్చుంటే ప్రాక్టీసు చేశాడు (ఈయన పాత్రలో మరీ లీనమైపోయారు, అది వేరే సంగతి). నోట మాట రాకపోతే ఇవ్వడానికి చీటీ కూడా రాసుకున్నాడు: "సార్, మీరు నాలా మాట్లాడితే అందరూ నవ్వుతున్నారు. నాకు బాధగా ఉంది. అలా చెయ్యొద్దు సార్." చివరికి చీటీయే ఇచ్చాడు. "సరదాకన్నాన్రా" అన్నారాయన. "నాకు సరదాగా లేదు సార్" అనడానికి వీడికి చాలాసేపు పట్టిందట, ఆయన ఆగి విన్నారట.

కొన్నాళ్లు మానేశారు. పరీక్షలయ్యాక మళ్లీ అదే వరస. అప్పుడు మేం హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాం. తేదీ, పీరియడ్, అన్న మాట అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాం. "చాలా సీనియర్ సారండీ" అన్నారాయన. విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ప్రైవేటు బడైనా అంతే. ఆ మాటే కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం పెట్టమన్నాం. సంతకం అనేసరికి ఆయన గొంతు మారింది. ఆ తర్వాత పద్యాలు వంతులవారీగా చదివించారు. మీ దగ్గర హెచ్చెమ్ పట్టించుకోకపోతే డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

ఈలోపు అమ్మాయి ఒకరోజు బడి మానేస్తానంటే మాననివ్వండి. లీవు లెటర్లో మాత్రం జ్వరమని రాయకండి, జరిగిందే రాయండి.