అక్టోబర్‌లో డల్లాస్ దగ్గర లేక్‌లలో బాస్ పడుతుందా? పిల్లాడిని తీసుకెళ్లొచ్చా?

డల్లాస్‌కి వచ్చి ఏడాది అయిందని, తొమ్మిదేళ్ల బాబు చేపలు పట్టడానికి తీసుకెళ్లమని రోజూ అడుగుతున్నాడని, వేసవి దాటిపోయింది కాబట్టి ఇక లాభం లేదేమోనని రాశారు. ఇప్పుడే వెళ్లండి. మాకు ఏడాది మొత్తంలో ఎక్కువ చేపలు పడేది అక్టోబర్ సగం నుంచి నవంబర్ చివరి దాకానే. కాకపోతే బాబుని బాస్‌తో (లార్జ్‌మౌత్ బాస్ అనే వేటాడే చేప) మొదలుపెట్టించకండి. ముందు బ్లూగిల్ అనే అరచేయంత చిన్న చేపని పట్టనివ్వండి.

మేం ఎక్కువగా వెళ్లేది రే రాబర్ట్స్ లేక్‌కి. దాదాపు 29 వేల ఎకరాల నీళ్లు. మొదటి ఏడాది నేను వేసవిలో చేపలు పడిన లోతైన చోటికే అక్టోబర్‌లోనూ వెళ్లి, వరసగా మూడు శనివారాలు ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. మా అమ్మాయి ముఖం చూడలేకపోయాను. కారణం తర్వాత అర్థమైంది. వేసవిలో పైన వేడి నీళ్లు, అడుగున చల్లని బరువైన నీళ్లు కలవకుండా పొరలుగా ఉంటాయి. రాత్రులు చల్లబడేసరికి పై నీళ్లూ బరువెక్కి, గాలి తోడై, లేక్ అంతా ఒకటిగా కలిసిపోతుంది. ఆ కలిసే వారం పది రోజులు నీళ్లు మురికిగా కనిపిస్తాయి, చేపలు చెల్లాచెదురవుతాయి. ఆ తర్వాత షాడ్ అనే చిన్న చేపల గుంపులు లేక్ నడుమ నుంచి వాగులు కలిసే మూలల్లోకి ఎక్కుతాయి. వాటి వెనకే బాస్ వస్తుంది.

ఆ మూల ఎక్కడుందో తెలుసుకోవడానికి నేను కొంగల్ని చూస్తాను. మాది కోనసీమ, కాలవ గట్టు మీద పెరిగినవాణ్ణి. కొంగ నిలబడ్డ చోట చిన్న చేప ఉంటుందని చిన్నప్పటి నుంచీ తెలుసు. నాలుగో శనివారం ఒక వాగు చివర నాలుగైదు తెల్లకొంగలు కనిపిస్తే అక్కడికి నడిచాం. నీళ్ల మీద షాడ్ చినుకులు పడ్డట్టు ఎగురుతున్నాయి. అరగంటలో రెండు బాస్‌లు పడ్డాయి. మన కొరమీను లాగే ఇదీ పొంచి ఉండి ఒక్కసారిగా మీద పడే చేప. నీళ్లలో మునిగిన ఎండు చెట్ల పక్కగా, షాడ్‌ని పోలిన తెల్ల స్పిన్నర్‌బెయిట్ (తిరిగే రేకు ఉన్న కృత్రిమ ఎర) విసిరి నిదానంగా లాగండి. తెల్లవారకముందే లేవాలన్న టెన్షన్ అక్కర్లేదు. చలి మొదలయ్యాక మధ్యాహ్నం ఎండ తగిలిన గట్టు పక్కనే మాకు బాగా పడ్డాయి.

బాబు గాలానికి మాత్రం బెండు కట్టండి. 8 లేదా 10 నంబరు గాలం తీసుకోండి (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది), బెండు నుంచి మూడు నాలుగు అడుగుల కింద ఉంచండి. ఎర్రలు వాల్‌మార్ట్‌లో చిన్న డబ్బాల్లో అమ్ముతారు. గోరంత ముక్క చాలు. మొత్తం ఎర్ర గుచ్చితే బ్లూగిల్ చివర్లు కొరుక్కుని పోతుంది, దాని నోరు అంత చిన్నది. బెండు ఊగినప్పుడు లాగొద్దని, మునిగినప్పుడే లాగమని చెప్పండి. మా అమ్మాయికి ఈ ఒక్క మాట అలవాటు కావడానికి ఒక పూట పట్టింది. ఆ పూట మొదటి బ్లూగిల్ పడినప్పుడు తను వేసిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బ్లూగిల్ వీపు మీద ముళ్లుంటాయి, చెయ్యి తడిపి తల వైపు నుంచి తోకకి నిమిరి పట్టుకోవాలి. గాలం మొన దగ్గరి ఎదురుముల్లుని ముందే పట్టకారుతో నొక్కేయండి. అప్పుడు చేప నోట్లోంచైనా, పిల్లాడి వేలిలోంచైనా తేలిగ్గా వస్తుంది.

లైసెన్స్ సంగతి. 17 ఏళ్లలోపు పిల్లలకి అక్కర్లేదు. మీకు కావాలి, కానీ టెక్సస్ స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచి పడితే మీకూ అక్కర్లేదు. అందుకే మొదటిసారి రే రాబర్ట్స్ స్టేట్ పార్కుకే వెళ్లమంటాను, ప్రవేశ రుసుము కడితే సరిపోతుంది. అక్కడ బాస్ 14 అంగుళాలు, క్రాపీ అనే ఇంకో చేప 10 అంగుళాలు ఉంటేనే ఇంటికి తేవాలి. బాస్ మనిషికి రోజుకి 5, క్రాపీ 25. కొలిచే టేపు సంచిలో ఉండాల్సిందే. బ్లూగిల్‌కి సైజు పరిమితి లేదు. అరచేయంత ఉన్నవి నాలుగు తెచ్చి, గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేయించండి. పరిగెల వేపుడు ఇష్టమైనవాళ్లకి ఇది తప్పకుండా నచ్చుతుంది. ముళ్లు మాత్రం మీరే తీసి పెట్టండి.

వచ్చేటప్పుడు బకెట్‌లో నీళ్లు అక్కడే పారబోయండి. 2012లో ఈ లేక్‌లో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాయి. వాటి పిల్లలు కంటికి కనబడవు, నీళ్లతో పాటే ఇంకో లేక్‌కి చేరతాయి.