డాక్టర్ సలహా: మామగారు వీల్‌చెయిర్‌లోంచి రెండుసార్లు పడ్డారు.. బెల్టుతో కట్టేయమంటారా?

ప్రశ్న: మా మామగారి వయసు 71. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. పట్టుకుంటే నిలబడతారు గానీ నడవలేరు. చేత్తో తిప్పుకునే మామూలు వీల్‌చెయిర్ కొన్నాం. నెలలో రెండుసార్లు పడ్డారు. ఒకసారి రాత్రిపూట మంచం మీంచి చెయిర్‌లోకి మారుతుంటే అది గిర్రున పక్కకి తిరిగిపోయింది. రెండోసారి, పది రోజుల క్రితం, మా అబ్బాయి గేటు దగ్గర ర్యాంపు ఎక్కిస్తుంటే వెనక్కి తిరగబడింది. హ్యాండిల్‌కి కూరగాయల సంచి కూడా ఉంది. తల వెనక బొప్పి కట్టి తగ్గిపోయింది, ఆస్పత్రికి వెళ్లలేదు. రక్తం పలచబడే మందు వాడుతున్నారు. రెండు బ్రేకులూ వెయ్యమని ఎంత చెప్పినా ఎడమది వెయ్యరు, మొండితనం. సాయంత్రమైతే బీచ్‌కి తీసుకెళ్లమంటారు. మావారికి స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, చూసుకునేది నేనొక్కదాన్నే. చాలా టెన్షన్‌గా ఉంది. బెల్టుతో చెయిర్‌కి కట్టేయమంటారా? లేక మంచం మీదే ఉంచేయమంటారా?
– ఒక సోదరి, మర్రిపాలెం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, బెల్టు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ బొప్పి సంగతి చూడాలి. రక్తం పలచబడే మందు వాడే పెద్దవాళ్లకి తలకి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనపడకపోయినా లోపల సన్నగా రక్తం చేరుతూ ఉండొచ్చు. అది రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత బయటపడుతుంది. అందుకని పది రోజులైంది కదా, తగ్గిపోయింది కదా అనుకోవద్దు. రేపే ఆయన్ని చూసే డాక్టరుకి పడిన సంగతి చెప్పి, స్కాన్ అవసరమేమో అడగండి. ఈలోగా తలనొప్పి, వాంతులు, ఎప్పుడూ లేనంత మగత, మాట తడబడటం, కుడివైపు కూడా బలం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేసి కేజీహెచ్‌కో, విమ్స్‌కో, స్కాన్ ఉన్న దగ్గరి ఆస్పత్రికో వెంటనే తీసుకెళ్లండి. మందు మాత్రం మీరుగా ఆపొద్దు. ఆపితే మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఆ ఎడమ బ్రేకు గురించి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట అదే. అది మొండితనం కాకపోవచ్చు. ఎడమవైపు పడిపోయిందంటే మెదడులో కుడి భాగం దెబ్బతిన్నట్టు. అలాంటి వాళ్లలో చాలామందికి ఎడమవైపు అనేది ఒకటుందన్న ధ్యాసే తగ్గిపోతుంది. కళ్లు బాగానే కనిపిస్తాయి, మెదడు అటు పట్టించుకోదు. ఈ పూట భోజనం దగ్గర కూర్చుని గమనించండి. కంచంలో ఎడమ పక్కన వేసిన కూర ముట్టుకోకుండా అలాగే వదిలేసి, ‘కూర వెయ్యలేదేం’ అని అడుగుతున్నారా? గెడ్డం గీసుకుంటే ఎడమ చెంప మీద వెంట్రుకలు ఉండిపోతున్నాయా? గుమ్మం దాటేటప్పుడు ఎడమ మోచెయ్యి తలుపుకి కొట్టుకుంటోందా? అయితే ఆయనకి ఎడమ బ్రేకు లేనట్టే లెక్క. లేనిదాన్ని వెయ్యమని రోజూ కోప్పడితే ఇద్దరికీ బాధే మిగులుతుంది.

ఆ రాత్రి పడటానికి కారణం కూడా ఇదే అయ్యుంటుంది. కుడి బ్రేకు ఒక్కటే వేసి ఉంటే, ఆయన బరువు మోపగానే ఆ చక్రం నిలబడిపోతుంది, రెండోది దొర్లుతుంది, చెయిర్ గిర్రున తిరుగుతుంది. మీరు రాసింది కూడా అదే. దీనికి మందు చాలా చవక. ఎడమ బ్రేకు పిడికి ఎర్ర టేపు చుట్టండి. దానికి సరిగ్గా బిగుసుకునే జానెడు ప్లాస్టిక్ గొట్టం తొడిగితే పిడి పొడుగై, ఆయన కుడి చెయ్యి ఒడి మీదుగా చాపి వెయ్యడానికి అందుతుంది. చక్రానికి తగలకుండా మాత్రం చూసుకోండి. ప్రతిసారీ వరస ఒకటే: ముందు ఎడమది, తర్వాత కుడిది. ఆయన చేత పైకి అనిపించండి, ‘ఎడమ.. కుడి’ అని. కొన్ని వారాలకి చాలామందికి అలవాటు పడుతుంది. అప్పటిదాకా మీరే చెయ్యి పెట్టి చూడండి, దూరం నుంచి చూసి ‘వేసే ఉందిలే’ అనుకోవద్దు. పడిపోయిన ఎడమ చెయ్యి కిందికి వేలాడి చక్రం పుల్లల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి ఒళ్లో దిండు పెట్టి దాని మీద ఉంచండి. పంచె, లుంగీ అంచులు, మీ చీర కొంగు కూడా చక్రాలకి దూరంగా ఉండాలి.

బ్రేకు వేసినా చెయిర్ కదులుతుంటే టైర్లు నొక్కి చూడండి. ఓపీకి వచ్చే వీల్‌చెయిర్లు నేనే వంగి చూస్తుంటాను. గాలి తగ్గిన టైరుకి బ్రేకు కట్టె అంటీ అంటకుండా ఉంటుంది. పిడి ‘టక్’మని పడుతుంది, ఇంట్లోవాళ్లు వేశాం అనుకుంటారు, చక్రం మాత్రం జారిపోతూనే ఉంటుంది. రెండు బ్రేకులూ వేసి వెనక నుంచి గట్టిగా తొయ్యండి, కదలకూడదు. ఇంకో మాట, ఇవి నిలిపి ఉంచే బ్రేకులే. దొర్లుతున్న చెయిర్‌ని ఆపడానికి లాగితే మనిషి ముందుకి పడతారు.

మంచం మీంచి చెయిర్‌లోకి మారే ఆ నిమిషమే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది. చెయిర్ ఆయనకి కుడివైపు, అంటే బలం ఉన్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా ఆనించి పెట్టండి. బ్రేకులు రెండూ వెయ్యండి. కాళ్లు పెట్టుకునే పలకలు పైకి మడవండి, పక్కకి తిరిగేవైతే తిప్పేయండి. వాటి మీద కాలు పెట్టి లేవబోతే చెయిర్ ముందుకి బోర్లా పడుతుంది. పడుకున్న మనిషిని లేపగానే నిలబెట్టొద్దు. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోనివ్వండి. బీపీ మందులు వాడేవాళ్లకి లేచీ లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, రాత్రిపూట ఇది మరీ ఎక్కువ. పాదాలు రెండూ నేలకి ఆనాలి, కుడి పాదం కాస్త వెనక్కి ఉండాలి. సాక్సులతో టైల్స్ మీద వద్దు. మీరు ఆయన ఎదురుగా, కొంచెం ఆయన ఎడమవైపుకి నిలబడి, మీ మోకాళ్లతో ఆయన ఎడమ మోకాలికి అడ్డు పెట్టండి. లేకపోతే అది మడతపడిపోతుంది. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి అక్కడ పట్టుకోండి. చంకల కింద చెయ్యి వేసి లేపినా, పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగినా భుజం కీలు జారొచ్చు. ఆ నొప్పితో నెలల తరబడి బాధపడేవాళ్లని చూస్తూనే ఉన్నాను. ఆయన్ని ముందుకి వంగమనండి, ముక్కు మోకాళ్లని దాటేంత. ‘ఒకటి, రెండు, మూడు’ అని ఇద్దరూ కలిసి అనుకుని లేవాలి. మెల్లగా తిరిగి, చెయిర్ అంచు పిక్కలకి తగిలాక, కుడి చేత్తో చెయిర్ చెయ్యి అందుకుని కూర్చోవాలి.

తిరిగి మంచం మీదికి వచ్చేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. చెయిర్‌ని మళ్లీ అదే చోట, అదే వైపుకి పెడతారు. అప్పుడు మంచం ఆయన ఎడమవైపు వస్తుంది, బలం లేని వైపుకి తిరగాల్సి వస్తుంది. చెయిర్‌ని తిప్పి, ఈసారి కూడా కుడివైపే మంచం ఉండేలా పెట్టండి. ఒకటి రెండుసార్లు ఫిజియోథెరపిస్ట్ ఎదురుగా మీ చేత చేయించుకోండి. చదివి నేర్చుకునేది కాదిది, నడుము పట్టుకుంటే తెలిసేది. ఒక్కరే చేయలేనంత బరువున్నారనిపిస్తే ఒంటరిగా ప్రయత్నించొద్దు, మీ నడుము పోతే ఆయన్ని చూసేవాళ్లుండరు. రాత్రిపూట మంచం పక్కనే యూరిన్ క్యాన్ పెడితే ఆ వేళప్పుడు లేచే పనే తప్పుతుంది.

బాత్‌రూమ్ తలుపులో చెయిర్ పట్టకపోతే బయటే వదిలేసి నడిపించుకెళ్లకండి. చక్రాలున్న కమోడ్ చెయిర్, సన్నగా ఉండేది తీసుకోండి. గోడకి కుడివైపు పట్టుకోవడానికి గట్టి స్టీలు కడ్డీ బిగించాలి, తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు.

ఇక ర్యాంపు. మన ఇళ్ల ముందు ర్యాంపులు బండి ఎక్కించుకోవడానికి కట్టినవి, మనిషి కోసం కట్టినవి కావు. వీల్‌చెయిర్‌కి అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల పొడుగు కావాలి. అంటే గుమ్మం రెండు మెట్లు, సుమారు 14 అంగుళాలు ఉంటే ర్యాంపు 14 అడుగులు ఉండాలి. మీ గేటు దగ్గర టేపు పెట్టి కొలవండి, మూడు నాలుగడుగులకి మించి ఉండదని నా అనుమానం. అంత నిటారు మీద, హ్యాండిల్‌కి సంచి వేలాడుతుంటే, బరువంతా వెనక చక్రాల ఇరుసు దాటి వెనక్కి పోతుంది. ఇంకేముంది, తిరగబడుతుంది. మీ అబ్బాయి తప్పేమీ లేదు. తాతయ్యని పడేశానని వాడు లోలోపల కుమిలిపోతుంటాడు, దగ్గర కూర్చోబెట్టుకుని ఈ లెక్క చెప్పండి.

జాగా ఉంటే మలుపు పెట్టి, మధ్యలో చదును వదిలి ర్యాంపు తిరిగి కట్టించండి. లేకపోతే ఆ ర్యాంపు మీద ఇద్దరు పెద్దవాళ్లు లేనిదే కదపొద్దు. ఎక్కించేటప్పుడు చెయిర్ ముఖం పైకి ఉండాలి, ఆయన ముందుకి వంగాలి, ఒకరు వెనక, ఒకరు ముందు. దింపేటప్పుడు చెయిర్‌ని వెనక్కి తిప్పి, మీరు కింద ఉండి మీ ఒంటితో ఆపుతూ అడుగడుగునా వెనక్కి చూసుకుంటూ దిగాలి. ముఖం కిందికి పెట్టి దింపితే ఆయన జారి ముందుకి పడతారు, చెయిర్ మీ చేతిలోంచి లాక్కుపోతుంది. మన ఊరు సంగతి మీకు చెప్పాలా, కేజీహెచ్ డౌను, కలెక్టరాఫీసు డౌను అని వాలుకే పేర్లు పెట్టుకున్న ఊరు. అలాంటి చోట్ల ఎంత బలమున్న మనిషైనా ఒక్కరే నెట్టొద్దు, ఆటోలో దాటించండి. వెనక్కి తిరగబడకుండా చెయిర్ వెనక బిగించే చిన్న చక్రాలు సర్జికల్ షాపుల్లో అడగండి. సంచి మాత్రం ఎప్పుడూ హ్యాండిల్‌కి వద్దు, సీటు కింద పెట్టండి.

రోడ్డు మీద ప్రమాదం ముందున్న చిన్న చక్రాలతోనే. కాలవ పలకల మధ్య సందులో, గుంతలో అవి ఇరుక్కుంటే చెయిర్ ఆగుతుంది, మనిషి ఆగరు. అలాంటి చోట వెనకున్న తొక్కుడు కడ్డీ మీద కాలు వేసి ముందు చక్రాలు కొద్దిగా లేపి దాటించండి, లేదా చెయిర్‌ని వెనక్కి తిప్పి లాగండి. చెప్పకుండా లేపొద్దు, ‘మామయ్యగారూ, లేపుతున్నాను’ అనండి. నెట్టేటప్పుడు ఆయన రెండు పాదాలూ పలకల మీదే ఉండాలి. కుడి కాలితో తనే నేలని తన్నుకుంటూ వెళ్లే అలవాటుంటే మీరు నెట్టినప్పుడు ఆ పాదం కిందికి చిక్కుకుంటుంది. ఇంట్లో మాత్రం అలా కుడి చెయ్యి, కుడి కాలు కలిపి తిప్పుకోనివ్వండి, మంచిదే. మడమ నేలకి ఆనేలా సీటు ఎత్తు తగ్గించాలేమో ఫిజియోథెరపిస్ట్‌ని అడగండి. ఏదైనా అందుకోవాలన్నా ముందుకి వంగి నేల మీది వస్తువు తియ్యొద్దు, మనిషిని పిలవమనండి.

ఇప్పుడు మీరడిగిన బెల్టు. నడుము దగ్గర, తొడల పైన కిందుగా వచ్చే సీటు బెల్టు వేయొచ్చు. దాని బకిల్ ఆయన కుడి చేత్తో తనే తియ్యగలగాలి. తువ్వాలుతోనో, చీరతోనో ఛాతీకి అడ్డంగా కట్టడం మాత్రం ఎప్పటికీ వద్దు. కిందికి జారితే అది మెడకి బిగుసుకుంటుంది. విప్పుకోవాలని గింజుకుంటూ చెయిర్‌తో సహా పడిపోతారు కూడా. ముందుకి జారిపోతున్నారంటే ముందు సీటు చూడాలి. గుడ్డ సీటు ఉయ్యాలలా సాగిపోయి ఉంటే మందపాటి ఫోమ్ కుషన్ వెయ్యండి. అరగంటకోసారి పక్కలకి, ముందుకి ఒరిగి బరువు మార్చుకోవాలి, లేకపోతే పుండ్లు పడతాయి.

మంచం మీదే ఉంచేయడమా? వద్దమ్మా. మంచంలో పడి ఉంటే మిగిలిన కండ కూడా కరిగిపోతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, పుండ్లు పడతాయి. రేపు లేవాల్సి వచ్చినప్పుడు ఇంకా తేలిగ్గా పడతారు. ఇవన్నీ కాక, సాయంత్రమైతే బీచ్ గుర్తొస్తున్న మనిషి ఆయన. ఆ కోరిక మిగిలి ఉన్నందుకు నాకు సంతోషంగా ఉంది.

జాగ్రత్తలన్నీ పాటించినా ఒకవేళ పడితే, పరుగెత్తుకెళ్లి చేతులు పట్టి లేపకండి. కింద అలాగే ఉంచి మాట్లాడించండి. తలకి తగిలిందా? ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉందా? తుంటి దగ్గర కదిపితే అరుస్తున్నారా? ఉంటే లేపొద్దు, 108.

స్కాన్ సంగతి తేలాక, మీవారికి పగటి డ్యూటీ లేని రోజు చూసుకుని ఆయన్ని బీచ్‌రోడ్డుకి తీసుకెళ్లండి. కుర్సురా సబ్‌మెరైన్ దగ్గర పేవ్‌మెంట్ మీది నుంచి సముద్రం బాగా కనిపిస్తుంది. ఇసుకలోకి దింపొద్దు, ముందు చక్రాలు కూరుకుపోతాయి. సముద్రం వైపు వాలు లేని చదును చోట, రెండు బ్రేకులూ వేసి, పక్కనే కూర్చోండి. ఇంటికి రాగానే చెయిర్‌ని తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. ఉప్పుగాలికి మన ఊళ్లో బ్రేకు కీలు తొందరగా తుప్పు పట్టి సగంలో ఆగిపోతుంది. ఆ కీలుకి ఒక చుక్క మిషన్ ఆయిల్ చాలు, టైరుకి అంటకూడదు. చిన్న చక్రాల ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కత్తెరతో తీసేయాలి. ఈ పని మీ అబ్బాయికి అప్పజెప్పండి, ప్రతి ఆదివారం, తాతయ్య చూస్తుండగా.