షేర్ ఖాన్‌కి నానా పటేకర్ గొంతే ఉండాలి

"చిన్నప్పుడు టీవీలో చూసిన కార్టూన్లు ఇప్పుడు సినిమాలుగా, కొత్త సిరీస్‌లుగా మళ్ళీ వస్తున్నాయి కదా, చూస్తే ముచ్చటేస్తుందా, పాడు చేశారనిపిస్తుందా? పిల్లలకి పాతవి చూపించాలా, కొత్తవా?" అని అడిగారు.

నా మటుకు నాకు బొమ్మ ఎంత మార్చినా పట్టింపు లేదు. గొంతు మారిస్తే మాత్రం ఒప్పుకోలేను. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను పెరిగింది తణుకు దగ్గర ఒక పల్లెటూళ్ళో. 1993 ప్రాంతంలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్న 'జంగిల్ బుక్' వచ్చేది. అది నిజానికి జపాన్ వాళ్ళ సరుకు. నిప్పన్ యానిమేషన్ అనే స్టూడియో 1989లో మొదలుపెట్టి 52 భాగాలు తీసింది. మన దగ్గరికి హిందీలో వచ్చింది. పాట గుల్జార్ రాస్తే విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు, అందులో విలన్ పులి షేర్ ఖాన్‌కి నానా పటేకర్ గొంతిచ్చారు. ఈ సంగతులేవీ అప్పుడు మాకు తెలీవు. తోడేళ్ళ మధ్య పెరిగే మోగ్లీ మన దేశం పిల్లాడు, అడవి మన అడవి, కాబట్టి బొమ్మలు గీసింది కూడా మనవాళ్ళే అనుకునేవాళ్ళం. దీనికి మూలమైన పుస్తకం రాసిన కిప్లింగ్ కథ జరిగేది మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవుల్లోనే కాబట్టి సగం సరిగ్గానే అనుకున్నట్టు.

టీవీ మా మేనత్త వాళ్ళింట్లో ఉండేది. బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్. మోగ్లీకి తోడుండే చిరుత భగీరా నల్లగా ఉన్నాడంటే అది బొమ్మ నలుపో, టీవీ నలుపో తేలేది కాదు. సిగ్నల్ సరిగ్గా లేని రోజు తెరంతా చీమలు పాకేవి. షేర్ ఖాన్ వచ్చాడో, ఎలుగుబంటి వచ్చిందో కనపడదు. కానీ మాట మాత్రం స్పష్టంగా వినపడేది. ఆ బొంగురు గొంతు వినగానే ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్లలు వెనక్కి జరిగేవాళ్ళు. మా తరానికి కార్టూన్ కంటి కంటే చెవికే ఎక్కువ పట్టిందని నేననేది ఇందుకే.

ఇంకో సంగతి. మాలో ఎవరికీ హిందీ రాదు. మా పెద్దమ్మ కొడుకు ఒక్కడే హిందీ ప్రచార సభ వాళ్ళ ప్రాథమిక పరీక్ష పాసయ్యాడు. ఇంకేముంది, అన్నయ్యే మా దుబాసీ. ప్రతి రెండు డైలాగులకీ ఒకసారి మా వైపు తిరిగి కథ చెప్పేవాడు. అన్నయ్య లెక్క ప్రకారం షేర్ ఖాన్ మోగ్లీ వాళ్ళ నాన్నని చంపేశాడు, ఆ గొడవలో పులికి కన్ను పోయింది, పిల్లాడు పెద్దయ్యాక పగ తీర్చుకోవాలి, అప్పటిదాకా భగీరా నమ్మినబంటులాగా కాపలా కాస్తాడు. ఆ రోజుల్లో మా ఊరి టూరింగ్ టాకీస్‌లో ఆడే సినిమాల్లో సగం కథలు ఇవేగా! మా అత్తయ్య పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మధ్యలో దూరేది.

"ఆ పిల్లాడికి అన్నం ఎవరు పెడతార్రా?"

"తోడేలు పెడుతుంది అత్తయ్యా."

"తోడేలు వండుతుందీ?"

దీనికి ప్రాథమిక పాసైనవాడి దగ్గర కూడా సమాధానం లేదు.

అందుచేత నాకు గుర్తున్న 'జంగిల్ బుక్' జపాన్ వాళ్ళు తీసింది ఒక వంతైతే, అన్నయ్య కల్పించింది రెండు వంతులు. మోగ్లీ చేతిలో బూమరాంగ్ ఉండేది కదా, అది చూసి మేమూ తాటిమట్ట ముక్క చెక్కి విసిరేవాళ్ళం. పోయిందే గానీ తిరిగి రాలేదు. ఎదురింటి పెంకుల మీద పడి రెండు పెంకులు పగిలాయి. ఆ వారం ఎదురింటి తాతగారు మా అందరికీ జంగిల్ బుక్ బంద్ చేయించారు.

ఇప్పుడు 2016కి రండి. జాన్ ఫావ్రో తీసిన డిస్నీ 'ది జంగిల్ బుక్' మన దేశంలో ఏప్రిల్ 8న, అమెరికా కంటే వారం ముందే విడుదలైంది. ఇందులో అడవి అనేదే లేదు. లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో గోడల మధ్య నీల్ సేథీ అనే పిల్లాణ్ణి నిలబెట్టి, మిగతాదంతా కంప్యూటర్‌లో పుట్టించారు. నాకు వెళ్ళాలని పెద్ద ఉత్సాహం లేదు. కానీ హిందీలో షేర్ ఖాన్‌కి మళ్ళీ నానా పటేకరే చెప్తున్నాడని, ప్రచారం కోసం గుల్జార్, విశాల్ భరద్వాజ్‌ల పాత పాటనే మళ్ళీ చేయించారని తెలిసింది. ఇంకాగలేదు. హైదరాబాద్‌లో తెలుగులో ఆడుతున్న థియేటర్లు వదిలేసి హిందీ ఆట వెతుక్కుని మరీ వెళ్ళాను. ఎవరైనా చూస్తే నవ్వుతారు గానీ, నా చిన్నప్పటి మోగ్లీ నాకు అర్థం కాని హిందీలోనే ఉన్నాడు మరి.

పులి నోరు తెరిచింది. అదే గొంతు, వయసు మీద పడి ఇంకాస్త బరువెక్కింది. నా పక్క సీట్లో నా ఈడు మనిషే ఒకాయన "హమ్మయ్య" అని పైకే అన్నాడు. సినిమా సగంలో కొండచిలువ కా పాత కథ చెప్పే ఘట్టం వస్తుంది. షేర్ ఖాన్ ఒక గుహలో మోగ్లీ తండ్రిని చంపుతాడు, చనిపోయే ముందు ఆ తండ్రి చేతి కాగడా తగిలి పులి ముఖం కాలిపోతుంది. నాకు నవ్వాగలేదు. తణుకులో కూర్చుని ప్రాథమిక హిందీతో మా అన్నయ్య అల్లిన కథని ఇన్నేళ్ళకి హాలీవుడ్ వాళ్ళు తీశారు! ఇంటర్వెల్‌లో ఫోన్ చేసి చెప్తే, "నేనప్పుడే చెప్పానా లేదా" అన్నాడు, అసలేమీ ఆశ్చర్యపోకుండా.

అన్నట్టు ఈ సినిమాకి మన సెన్సార్ వాళ్ళు యూ/ఏ ఇచ్చారు, భయపెట్టేలా ఉందని. అప్పుడు చాలామంది ఎగతాళి చేశారు. నేను చేయను. త్రీడీలో ఆ పులి ఎగిరి మీదికి దూకినప్పుడు మా పాప చున్నీలో ముఖం పెట్టుకుని మళ్ళీ తియ్యలేదు. గీసిన పులికీ, అచ్చం పులిలాంటి పులికీ తేడా అక్కడే ఉంది. గీసిన పులి ఎంత భయపెట్టినా పిల్లలు మళ్ళీ ముందుకు జరిగి కూర్చుంటారు.

నాకు నచ్చనిది కా విషయం. కిప్లింగ్ 1894 పుస్తకంలో కా మోగ్లీని కోతుల బారి నుంచి విడిపించే పెద్దమనిషి. మా జపాన్ కార్టూన్‌లోనూ మంచివాడే. డిస్నీ వాళ్ళు 1967లో దాన్ని విలన్ చేసి కూర్చోబెట్టారు, 2016లోనూ అదే కొనసాగించారు. హిందీలో ప్రియాంకా చోప్రా ఎంత బాగా చెప్పినా సరే, ఆ పాముకి అన్యాయం జరిగిపోయింది.

అదే ఫావ్రో 2019లో 'ది లయన్ కింగ్' తీశాడు. 1994లో చేత్తో గీసిన సినిమాని నిజం సింహాల్లా కనిపించే బొమ్మలతో మళ్ళీ చేశాడు. ఇక్కడ నాకు పెద్ద ఫిర్యాదే ఉంది. గీసిన సింహం పిల్ల సింబా కనుబొమ్మ ఎగరేస్తాడు, మూతి ముడుస్తాడు, ఏడిస్తే ముఖమంతా ఏడుస్తుంది. నిజం సింహానికి అవేం ఉంటాయి? తండ్రి చచ్చిపోయినా, జోకు పేలినా ఒకటే ముఖం. మా ఆవిడ చూసి, "యానిమల్ ప్లానెట్‌కి డబ్బింగ్ చెప్పినట్టుంది" అంది.

అయినా ఆ సినిమా తెలుగులో చూసినవాళ్ళు హాయిగా నవ్వుకున్నారు. కారణం బొమ్మ కాదు. అడవిపంది పుంబాకి బ్రహ్మానందం, దాని జోడీ టిమోన్‌కి అలీ గొంతిచ్చారు. వాళ్ళిద్దరూ మాట్లాడుతుంటే తెర మీద అడవిపంది ముఖం కదలకపోయినా మన కళ్ళకి బ్రహ్మానందం ముఖం కనపడుతుంది. లేని హావభావాలన్నీ ప్రేక్షకుడే తెచ్చి పెట్టుకున్నాడు. సింబా తండ్రి ముఫాసాకి జగపతిబాబు, విలన్ సింహం స్కార్‌కి రవిశంకర్, పెద్ద సింబాకి నాని. రవిశంకర్ గొంతు వింటే ఆ సింహం దుర్మార్గుడని వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో వాళ్ళు 1994 వాళ్ళందరినీ మార్చేసి, ముఫాసాకి మాత్రం జేమ్స్ ఎర్ల్ జోన్స్‌నే ఉంచారు. ఆయన గొంతు తీసేస్తే జనం ఊరుకోరని వాళ్ళకీ తెలుసన్నమాట.

2024లో ఆ ముఫాసా కథే 'ముఫాసా' అని సినిమాగా వచ్చేసరికి తెలుగులో ఆ సింహానికి మహేష్ బాబు చెప్పాడు. మొదటి డైలాగుకి హాల్లో ఈలలు. వెనక కూర్చున్న ఇంజినీరింగ్ కుర్రాళ్ళు కాగితాలు ఎగరేశారు, సింహం కోసం! నాలుగు కాళ్ళ మీద ఎంట్రీ ఇచ్చిన హీరోకి ఆ మాత్రం మర్యాద దక్కాల్సిందేలెండి. ఇది వ్యాపారం అనేవాళ్ళున్నారు, వ్యాపారమే. కానీ మా అత్తయ్యకి ఈసారి ఎవరూ దుబాసీ చెప్పనక్కర్లేకపోయింది, అన్నీ తనే విని, తనే నవ్వింది. చిన్నప్పుడు మాకు దొరకనిది అదే కదా.

కార్టూన్ నెట్‌వర్క్ బ్యాచ్‌కి నా అంత చెవి పిచ్చి ఉందో లేదో తెలీదు. మా చెల్లెలు 'పవర్‌పఫ్ గర్ల్స్' పిచ్చిది. 2016లో కొత్తది వచ్చినప్పుడు ముగ్గురు పిల్లల గొంతులూ మార్చేశారు. రెండు ఎపిసోడ్లు చూసి ఆపేసింది.

బాగా చేసినవి లేవా అంటే ఉన్నాయి. 'డక్‌టేల్స్' చూడండి. దూరదర్శన్‌లో మేం చూసింది 1987 నాటిది. ముగ్గురు బాతుపిల్లలు, ముగ్గురూ ఒకేలా మాట్లాడేవాళ్ళు, టోపీ రంగుని బట్టి పోల్చుకోవాలి. (బ్లాక్ అండ్ వైట్ టీవీలో టోపీ రంగు! ఆ బాధ మీకు తెలీదు.) 2017లో మళ్ళీ తీసినప్పుడు ముగ్గురికీ మూడు గొంతులు, మూడు స్వభావాలు ఇచ్చారు. ఒకడు పుస్తకాల పురుగు, ఒకడు తెగింపుగాడు, ఇంకొకడు డబ్బు పిచ్చోడు. స్క్రూజ్ మావయ్యకి డేవిడ్ టెన్నాంట్ చెప్పాడు. పాత స్క్రూజ్‌కి చెప్పిన అలన్ యంగ్ 2016లోనే పోయారు కాబట్టి మార్చక తప్పలేదు. గొంతు మార్చినా నేను ఒప్పుకున్న ఒకే ఒక్కటి ఇది. ఎందుకంటే టెన్నాంట్ సొంతూరు స్కాట్లాండే, ఆ ముసలి బాతుదీ స్కాట్లాండే, యాస ఎక్కడా అతికించినట్టుండదు. పాతదాన్ని అచ్చుగుద్దకుండా, అందులో లోటేమిటో చూసి పూడ్చారు. 2021 దాకా నడిచింది. మా పాప మొత్తం చూసేసింది, నేను పక్కన కూర్చుని.

ఇక అసలేమీ మార్చకుండా తెచ్చింది 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. యుగో సాకో అనే జపాన్ ఆయన, మన రామ్ మోహన్ గారు కలిసి చేసిన సినిమా. 1993లో ఢిల్లీలో ఫిలిం ఫెస్టివల్‌లో వేశారు గానీ థియేటర్లలో సరిగ్గా ఆడలేదు. తర్వాత కార్టూన్ నెట్‌వర్క్‌లో వేస్తేనే మా వాళ్ళంతా చూశారు. 2025 జనవరి 24న దాన్నే శుభ్రం చేసి, తెలుగులో కూడా డబ్ చేసి హాళ్ళలో వదిలారు. విజయేంద్రప్రసాద్ గారు కూడా ఇందులో చెయ్యి వేశారు. చేత్తో గీసిన బొమ్మ అంత పెద్ద తెర మీద చూడటం నాకదే మొదటిసారి. కుంభకర్ణుడు నిద్ర లేచే చోట హాల్లో పిల్లలు సీట్ల మీద నిలబడ్డారు. తెలుగు గొంతుల సంగతి అడిగితే, బాగానే చెప్పారు. కానీ మన చెవికి రాముడంటే ఎన్టీఆర్ కూర్చుని ఉన్నాడు కదా, ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చున్నా ఇబ్బందే. పాపం డబ్బింగ్ చెప్పిన అబ్బాయి తప్పేం లేదు.

పిల్లలకి ఏవి చూపించాలన్నారు. పదేళ్ళ లోపు పిల్లలైతే 2016 జంగిల్ బుక్ త్రీడీలో వద్దు, ఇంట్లో చిన్న తెర మీద చాలు. 'డక్‌టేల్స్' కొత్తదే మొదలుపెట్టండి, పాతది వాళ్ళు ఓపిగ్గా చూడరు. రామాయణం పాతా కొత్తా ఒకటే కాబట్టి గొడవ లేదు. 'లయన్ కింగ్' మాత్రం ముందు 1994ది చూపించి, తర్వాత బ్రహ్మానందంది చూపించండి.

ఇంకో మాట, ఈ పాతవాటి బెంగ మన తరానికే సొంతం అనుకోకండి. 2008 నుంచి పోగోలో 'ఛోటా భీమ్' చూసి పెరిగిన పిల్లలకి ఇప్పుడు మీసాలొచ్చాయి. హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ వాళ్ళు చేసిన ఆ భీమ్‌ని 2024 మే నెలలో నిజం మనుషులతో సినిమాగా తీస్తే, మా చెల్లెలి కొడుకు కాలేజీ ఎగ్గొట్టి మొదటి ఆటకి వెళ్ళాడు. వచ్చి నా దగ్గర కూర్చుని, "మామయ్యా, అంతా ఓకే గానీ, భీమ్ గొంతు అది కాదు" అన్నాడు. నేను వాడికి కాఫీ పెట్టించి, పూర్తిగా చెప్పమన్నాను.