ఫైలు మార్చబడుతుందా, మారుతుందా? – సందేహాలు, సమాధానాలు

సందేహం: ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో ఒక పరిచయం రాస్తున్నాను. మామూలుగా వాడుకునేవాళ్ళకీ, ప్రోగ్రాములు రాసేవాళ్ళకీ ఇద్దరికీ పనికిరావాలి. మొదటి పేరా ఇలా రాశా: "ఘోస్ట్‌స్క్రిప్ట్ అనునది పోస్ట్‌స్క్రిప్ట్ అనబడే పుట వర్ణన భాష యొక్క ఉచిత వ్యాఖ్యాత. దీని ద్వారా దస్త్రములు చదవబడి, ముద్రణకు అనుకూలమైన రూపములోకి మార్చబడును. హానికరమైన దస్త్రముల వలన కంప్యూటరులోని ఇతర దస్త్రములు తొలగించబడవచ్చును." చదివిన ఫ్రెండ్స్ ఏమీ అర్థం కాలేదన్నారు. ఇందులో వ్యాకరణం తప్పుందా? ఇంగ్లీషు మాటలు పెడితే నయమా? ‘ఫ్రీ’ని ఉచితం అనొచ్చా?

సమాధానం: మీ పేరాలో వ్యాకరణ దోషం ఏమీ లేదండీ, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. అర్థం కాకపోవడానికి సంస్కృతం ఎక్కువవడం ఒక్కటే కారణం కూడా కాదు. ‘దస్త్రములు’ తీసేసి ‘ఫైళ్ళు’ పెట్టి చూడండి, "ఫైళ్ళు చదవబడి మార్చబడతాయి" అవుతుంది, అప్పుడూ అంతే. చిక్కల్లా ఎక్కడుందంటే ఆ మూడు వాక్యాల్లో పని చేసేది ఎవరో ఎక్కడా కనపడదు. ఎవరు చదువుతున్నారు, ఎవరు మారుస్తున్నారు, ఎవరు తొలగిస్తున్నారు? వేరే విషయమైతే ఎలాగో సర్దుకుపోవచ్చు గానీ ఘోస్ట్‌స్క్రిప్ట్‌ని పరిచయం చెయ్యడం అంటేనే ఎవరేం చేస్తారో చెప్పడం. డాక్యుమెంట్‌ని తయారుచేసిన ప్రోగ్రామ్ ఒకటి, ఆ డాక్యుమెంట్ ఒకటి, దాన్ని చదివే ఇంటర్‌ప్రెటర్ ఒకటి, చివర్న ప్రింటరో స్క్రీనో ఒకటి, ఇన్ని ఉన్నప్పుడు కర్త మాయమైతే పాఠకుడు పట్టుకోడానికి ఇంకేం మిగలదు.

ముందు విషయం ఒకసారి సరిచూసుకుందాం. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ కలిసి 1982లో అడోబీ కంపెనీ పెట్టారు, 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ భాషని తెచ్చారు, 1985లో యాపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్‌లో ఆ భాష వచ్చేసరికి డెస్క్‌టాప్ పబ్లిషింగ్, అంటే సొంత కంప్యూటర్లోనే పేజీలు కూర్చి అచ్చుకి సిద్ధం చేసుకోవడం, మొదలైంది. ప్రింటర్‌కి చుక్కల బొమ్మ పంపే బదులు పేజీ ఎలా గీయాలో చెప్పే ప్రోగ్రామ్ పంపుతారు, ప్రింటర్ లోపలున్న ఇంటర్‌ప్రెటర్ దాన్ని చదివి, తన రిజల్యూషన్‌కి, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు పెట్టగలదో దానికి, తగ్గట్టు గీస్తుంది. అందుకే అదే ఫైల్ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ప్రింటర్‌లోనూ వస్తుంది, అంతకి ఎన్నో రెట్లు సన్నంగా గీసే ఫిల్మ్ మెషీన్‌లోనూ వస్తుంది. మరి ప్రింటర్‌లో ఆ ఇంటర్‌ప్రెటర్ లేకపోతే? ఆ పని కంప్యూటర్లోనే చేసే ప్రోగ్రామ్‌ని ఎల్. పీటర్ డాయిచ్ రాసి 1988లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ కోసం విడుదల చేశారు, అదే ఘోస్ట్‌స్క్రిప్ట్. ఇప్పుడు దాన్ని ఆర్టిఫెక్స్ అనే కంపెనీ చూసుకుంటోంది.

గమనించారా, పై పేరాలో ‘బడు’ ఒక్కసారి కూడా రాలేదు, కష్టపడి తప్పించింది కాదు, తెలుగులో కథ చెప్తున్నప్పుడు దాని అవసరం అంతగా పడదు.

కర్మణి ప్రయోగం తెలుగులో తప్పని నేను అనను. బళ్ళో "రాముని చేత రావణుడు చంపబడెను" అని అందరం నేర్చుకున్నవాళ్ళమే. కానీ బయట ఎవరూ అలా మాట్లాడరు, ఎందుకంటే కర్తని వదిలేసి చెప్పడానికి మనకి అంతకన్నా చక్కటి దారి ఒకటి ఉంది. మార్చు–మారు, తెరుచు–తెరుచుకొను, ఆపు–ఆగు, విరుచు–విరుగు. ఒకటి చేసే పని, ఒకటి జరిగే పని. అరువు మాటలకి కూడా ఇదే పద్ధతి, ‘చేయు’ తగిలిస్తే చేసేవాడున్నాడు, ‘అవు’ తగిలిస్తే దానంతటది జరిగింది: ప్రింట్ చేస్తుంది, ప్రింట్ అవుతుంది, సేవ్ చేస్తుంది, సేవ్ అవుతుంది. కొత్త మాట ఏది వచ్చినా ఈ రెంట్లో ఇమిడిపోతుంది, భాషకి ఇది ఎంత బలమో మనం చాలాసార్లు గుర్తించం. కాబట్టి ఎవరు చేశారన్నది ముఖ్యమైతే "ఘోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్‌ని పీడీఎఫ్‌గా మారుస్తుంది" అనండి, ముఖ్యం కాకపోతే "ఫైల్ పీడీఎఫ్‌గా మారుతుంది" అనండి. ‘మార్చబడుతుంది’ ఈ రెండూ కాకుండా మధ్యలో వేలాడుతుంది.

ఇప్పుడు మీ మూడో వాక్యం దగ్గరికి వద్దాం, నాకు నిజంగా భయం వేసింది దాంతోనే. "ఇతర దస్త్రములు తొలగించబడవచ్చును" అన్నారు. తొలగించేది ఎవరు? వైరస్సా? మీరు నొక్కిన బటనా? ఘోస్ట్‌స్క్రిప్ట్ పొరపాటా? అసలు సంగతి ఏంటంటే ఆ డాక్యుమెంటే తొలగించగలదు. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్ అంటే పూర్తి స్థాయి ప్రోగ్రామ్, దాంట్లో లూపులు రాయొచ్చు, షరతులు పెట్టొచ్చు, ఫైల్ తెరవమనొచ్చు, చెరిపేయమనొచ్చు కూడా. ఎవరో పంపిన ఫైల్‌ని తెరవడం అంటే ఎవరో రాసిన ప్రోగ్రామ్‌ని నడపడమే. అందుకే ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో సేఫర్ అనే ఆప్షన్ పెట్టారు, అది ఉంటే డాక్యుమెంట్‌ని మీరు అనుమతించని ఫైళ్ళ జోలికి పోనివ్వదు. ఒకప్పుడు అది మనమే అడిగి పెట్టుకోవాల్సి వచ్చేది, 2019లో వచ్చిన 9.50 నుంచి అడక్కుండానే ఉంటుంది. ఇంత ముఖ్యమైన హెచ్చరిక మీ వాక్యంలో ‘బడవచ్చును’ కింద నలిగిపోయింది. "ఎవరో పంపిన పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్ మీ కంప్యూటర్లోని ఫైళ్ళని చెరిపెయ్యగలదు, అందుకని సేఫర్ ఆప్షన్‌ని తీసెయ్యకండి" అని రాయండి. ఎవరు, ఏం చేస్తారు, మీరేం చెయ్యాలి, మూడూ వచ్చేశాయి.

ఇంకో మాట, ఇది మీ పరిచయంలో తప్పకుండా పెట్టమని అడుగుతున్నా. పోస్ట్‌స్క్రిప్ట్ భాషని ఇంగ్లీషు వాళ్ళు నేర్చుకునేటప్పుడు వింతగా అనిపించేది, మనకి సొంత ఇల్లులా ఉండేది ఒకటే: దాంట్లో క్రియ చివర్న వస్తుంది. మూడూ నాలుగూ కలపాలంటే "3 4 యాడ్" అని రాస్తారు, ముందు అంకెలు, తర్వాత పని. అంకెలు వచ్చినవి వచ్చినట్టు స్టాక్‌లో ఒకదానిమీద ఒకటి చేరతాయి, చివర్న వచ్చిన యాడ్ పైనున్న రెంటినీ తీసుకుని 7ని అక్కడ పెడుతుంది. "72 720 మూవ్‌టూ" అంటే పేజీలో ఎడమ అంచు నుంచి 72 పాయింట్లు, కింది అంచు నుంచి 720 పాయింట్ల దగ్గరికి వెళ్ళు అని. 72 పాయింట్లు ఒక అంగుళం కాబట్టి ఒక అంగుళం పక్కకి, పది అంగుళాలు పైకి. లెక్క మొదలయ్యేది పేజీ కింద ఎడమ మూల నుంచి, పై మూల నుంచి కాదు, కొత్తవాళ్ళు ఇక్కడే తడబడతారు. తర్వాత బ్రాకెట్లలో మాట పెట్టి ‘షో’ అంటే ఆ మాట అక్కడ పడుతుంది, ‘షోపేజ్’ అంటే పేజీ బయటికి వస్తుంది. తెలుగులో "అన్నం పెట్టు", "తలుపు తియ్యి" అన్నట్టే వస్తువు ముందు, పని వెనక. ప్రోగ్రామింగ్ మొదలుపెట్టే తెలుగు పిల్లలకి ఇది చెప్తే ఎంత ధైర్యం వస్తుందో ఆలోచించండి, ఆ భాషలో వాక్యం మన వాక్యంలానే నడుస్తుంది.

‘పుట వర్ణన భాష’ తప్పు కాదు గానీ ఒక్కసారి వాడి, వెంటనే విప్పి చెప్పెయ్యండి: పేజీ మీద ఏ గీత ఎక్కడ, ఏ అక్షరం ఎక్కడ అని చెప్పే భాష. ఇక్కడ తెలుగువాళ్ళకి మాత్రమే తగిలే ఒక సమస్య ఉంది, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ‘స్త్రీ’ అనే మాట తీసుకోండి. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే పద్ధతిలో, మనం టైప్ చేసే వరస స, హల్లు గుర్తు, త, హల్లు గుర్తు, ర, దీర్ఘం, మొత్తం ఆరు. కానీ పేజీ మీద కనపడేది చూడండి, దీర్ఘం ‘స’ నెత్తిన కూర్చుని ‘సీ’ అయిపోయింది, కింద తకార వత్తు, పక్కన రకార వత్తు. పేజీ వర్ణనలో ఉండేది ఈ ఆకారాల వరసే, మనం టైప్ చేసిన వరస కాదు. ఆకారాల్ని కూర్చే పని డాక్యుమెంట్ తయారుచేసిన ప్రోగ్రామ్ ముందే చేసి పంపేస్తుంది, ఘోస్ట్‌స్క్రిప్ట్ వాటిని చెప్పిన చోట గీస్తుంది. అందుకే తెలుగు పీడీఎఫ్ ప్రింట్ తీస్తే ముత్యాల్లా వస్తుంది, అదే పీడీఎఫ్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే వత్తులు చెల్లాచెదురవుతాయి. ఏ ఆకారం ఏ అక్షరానిదో చెప్పే పట్టిక ఫైల్‌లో సరిగ్గా ఉంటేనే టెక్స్ట్ సరిగ్గా బయటికొస్తుంది. పాఠకులు దీన్ని ఘోస్ట్‌స్క్రిప్ట్ తప్పనుకుంటారు, ఎవరి పని ఏదో చెప్తే అనుకోరు.

‘వ్యాఖ్యాత’ వద్దు. ఆ మాట వినగానే ఇవాళ టీవీలో కార్యక్రమం నడిపేవాళ్ళో, క్రికెట్ చెప్పేవాళ్ళో గుర్తొస్తారు. ప్రోగ్రామర్లు ఇంటర్‌ప్రెటర్ అనే అంటారు, అదే ఉంచండి, మొదటిసారి వచ్చినప్పుడు "కోడ్‌ని ఎప్పటికప్పుడు చదువుతూ అందులో చెప్పిన పని చేసే ప్రోగ్రామ్" అని ఒక వాక్యం కలపండి చాలు. ఇంగ్లీషు మాటలు వాడితే నయమా అన్న మీ ప్రశ్నకి నా జవాబు కూడా ఇదే, మాట ఎక్కడిదైనా సరే క్రియ తెలుగుదై ఉండి, కర్త కనపడుతుంటే వాక్యం తెలుగే. ‘యొక్క’ మాత్రం తీసెయ్యండి, "భాష యొక్క ఇంటర్‌ప్రెటర్" కన్నా "ఆ భాషని చదివే ఇంటర్‌ప్రెటర్" ఎంత తేలిగ్గా ఉందో చదివి చూడండి.

ఇక ‘ఉచితం’. మామూలు యూజర్‌కి ఉచితం అని చెప్పొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, దించుకుని వాడుకోవచ్చు. కానీ మీ వ్యాసం డెవలపర్లు కూడా చదువుతారన్నారు కాబట్టి అక్కడితో ఆగితే వాళ్ళని దారి తప్పించినట్టే. ఘోస్ట్‌స్క్రిప్ట్ 2013 నుంచి గ్నూ అఫెరో జీపీఎల్ లైసెన్స్ కింద వస్తోంది. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు, కానీ మీ ప్రోగ్రామ్‌లో దాన్ని కలిపి పంచితే మీ సోర్స్ కూడా అవే షరతుల మీద ఇవ్వాలి. దాన్ని మార్చి సర్వర్ మీద పెట్టి నెట్‌వర్క్ ద్వారా జనానికి అందిస్తే, ఆ మార్చిన సోర్స్‌ని వాడేవాళ్ళకి అందుబాటులో ఉంచాలి. సోర్స్ ఇవ్వడం కుదరని కంపెనీలకి ఆర్టిఫెక్స్ డబ్బు తీసుకుని వేరే లైసెన్స్ ఇస్తుంది. ఇన్ని సంగతులు ‘ఉచితం’లో లేవు. ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అనే మాట ఇప్పటికే వాడుకలో ఉంది, అది వాడండి, పక్కనే లైసెన్స్ పేరు రాయండి, ఖరీదు లేదన్న సంగతి ఇంకో వాక్యంలో చెప్పండి.

రెండు రకాల పాఠకులకీ ఒకే గొంతుతో రాయాలని చూడకండి. యూజర్‌తో ‘అండి’ అంటూ నేరుగా మాట్లాడండి: లినక్స్‌లో జీఎస్ అని, విండోస్‌లో జీఎస్‌విన్64సీ అని కొట్టండి, పీడీఎఫ్ కావాలంటే పీడీఎఫ్‌రైట్ డివైజ్ (ఏ రూపంలో బయటికి రావాలో చెప్పే ఆప్షన్) ఎంచుకోండి, బొమ్మ కావాలంటే పీఎన్‌జీ16ఎమ్ ఎంచుకోండి, రిజల్యూషన్ 300 ఇవ్వండి. డెవలపర్‌కి ‘ఆలి’ బాగుంటుంది, అది ఆజ్ఞలా కాకుండా పద్ధతిలా వినపడుతుంది: ఘోస్ట్‌స్క్రిప్ట్‌ని లైబ్రరీగా, అంటే మన ప్రోగ్రామ్ లోపలినుంచే పిలిచి, వాడాలంటే ముందు దాని ఇన్‌స్టెన్స్ (నడిచే ప్రతి) ఒకటి తెరవాలి, కమాండ్ లైన్‌లో ఇచ్చే ఆర్గ్యుమెంట్లే దానికి ఇచ్చి మొదలుపెట్టాలి, ఫైల్‌ని నడపాలి, ఎగ్జిట్ చెప్పాలి, ఆ తర్వాతే ఇన్‌స్టెన్స్‌ని తీసెయ్యాలి. పీడీఎఫ్ గురించి కూడా వాళ్ళకి ఒక వాక్యం రాయండి, చాలా ఏళ్ళు ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో పీడీఎఫ్ చదివే భాగాన్ని పోస్ట్‌స్క్రిప్ట్ భాషలోనే రాసి ఉంచారు, 2022లో 9.56తో సీ భాషలో రాసిన కొత్త భాగం దాని స్థానంలోకి వచ్చింది. పాత వ్యాసాలు చదివి వచ్చేవాళ్ళకి ఈ ముక్క తెలియకపోతే అయోమయంగా ఉంటుంది.

మీ మొదటి పేరాని నేనైతే ఇలా రాస్తా, నచ్చితే వాడుకోండి, నచ్చకపోతే మీ పద్ధతిలో మార్చుకోండి:

"పేజీ మీద ఏది ఎక్కడ గీయాలో చెప్పే భాష పోస్ట్‌స్క్రిప్ట్. ఆ భాషలో రాసిన ఫైల్‌ని చదివి పేజీని నిజంగా గీసి పెట్టేది ఘోస్ట్‌స్క్రిప్ట్. పీడీఎఫ్‌ని కూడా ఇది చదువుతుంది. గీసిన పేజీని స్క్రీన్ మీద చూపిస్తుంది, ప్రింటర్‌కి పంపుతుంది, లేదా బొమ్మగానో పీడీఎఫ్‌గానో సేవ్ చేస్తుంది. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, లైసెన్స్ గ్నూ అఫెరో జీపీఎల్. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్ ఒక ప్రోగ్రామ్ లాంటిది కాదు, ప్రోగ్రామే, కాబట్టి తెలియనివాళ్ళు పంపినదాన్ని సేఫర్ ఆప్షన్ తీసేసి తెరవకండి."

పేరు రాసే పద్ధతి మీరు అడగలేదు గానీ చెప్తున్నా. ఘోస్ట్, గోస్ట్ రెండూ జనం రాస్తున్నారు, ఉచ్చారణకి ‘గో’ దగ్గర, అలవాటుకి ‘ఘో’ దగ్గర, ఏదో ఒకటి ఎంచుకుని వ్యాసం అంతా అదే రాయండి, లేకపోతే వెతికేవాళ్ళకి సగమే దొరుకుతుంది. టైప్ చేసేటప్పుడు ‘స్ట్’ తర్వాత అక్షరాల్ని విడదీసే కీ, అదే జెడ్‌డబ్ల్యుఎన్‌జే, నొక్కడం మర్చిపోకండి. నొక్కకపోతే ‘పోస్ట్’లో పొల్లు నిలవదు, తర్వాతి ‘స్క్రి’ వచ్చి దానికి వత్తుగా అతుక్కుని మాట మొత్తం ఒక ముద్దయిపోతుంది.