ఏడాది జిమ్ కాంట్రాక్ట్ మధ్యలో రద్దు చేసుకోవచ్చా? వాళ్లు కుదరదంటున్నారు (అమెరికా)

ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్తున్నారు, జిమ్ వాళ్లేమో మిగతా నెలల డబ్బు కూడా కట్టాల్సిందే అంటున్నారు. ఇదే కదా మీ ప్రశ్న? వాళ్లు అన్నంత మాత్రాన కట్టేయకండి. ముందు మీ రాష్ట్ర చట్టం చూడండి. అమెరికాలో చాలా రాష్ట్రాలు జిమ్ కాంట్రాక్టులకు విడిగా చట్టాలు పెట్టుకున్నాయి. కాలిఫోర్నియా చట్టంలో వీటిని హెల్త్ స్టూడియో అంటారు, టెక్సాస్‌లో హెల్త్ స్పా, న్యూయార్క్‌లో హెల్త్ క్లబ్. జిమ్ అని వెతికితే సరిగ్గా దొరక్కపోవచ్చు.

నాకు ఇదే పరిస్థితి కాలిఫోర్నియాలో వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం జిమ్ నుంచి 25 మైళ్ల కంటే దూరం వెళ్లిపోయి, అలాంటి మరో జిమ్‌కి మెంబర్‌షిప్ మార్చుకునే వీలు లేకపోతే, మిగతా నెలలకు కట్టక్కర్లేదు. ముందే కట్టేసి ఉంటే వాడుకోని భాగం వెనక్కివ్వాలి. దానికి వాళ్లు తీసుకోగలిగే రుసుము 100 డాలర్లకు మించకూడదు, కాంట్రాక్ట్ సగానికి పైగా గడిచిపోతే 50 డాలర్లే. ఫ్రంట్ డెస్క్‌లో కుర్రాడికి ఇవేమీ తెలియవు, పాపం అతని తప్పూ కాదు. మేనేజర్ మాత్రం "మా సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదండీ" అన్నాడు. చట్టానికి, వాళ్ల సిస్టమ్‌కి ఏం సంబంధం!

వాదన పెట్టుకోకుండా ఒక చిన్న ఉత్తరం రాశాను. మెంబర్‌షిప్ నంబరు, ఇల్లు మారే తేదీ, సివిల్ కోడ్ 1812.89 (పైన చెప్పిన కాలిఫోర్నియా చట్టంలోని సెక్షన్) కింద రద్దు చేస్తున్నానన్న ఒక వాక్యం, అంతే. కొత్త ఇంటి లీజు కాపీ జతచేసి సర్టిఫైడ్ మెయిల్‌లో (పంపినట్టు రసీదు ఇచ్చే పోస్టు) పంపి, అదే ఈమెయిల్ కూడా చేశాను. ఫోన్‌లో కుదరదన్నవాళ్లే కాగితం చేతికందాక దారికొచ్చారు. 100 డాలర్లు పట్టుకుని మిగతాది వెనక్కి వేశారు.

ఒక్క విషయంలో జాగ్రత్త. కోపంలో ముందు కార్డు బ్లాక్ చేసేసి ఊరుకోకండి. రాతపూర్వకంగా రద్దు చేయకుండా డబ్బు ఆపేస్తే వాళ్లు దాన్ని బాకీగా చూపించి కలెక్షన్స్‌కి, అంటే బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి, పంపొచ్చు, అప్పుడు క్రెడిట్ స్కోర్ టెన్షన్ వేరే. ముందు ఉత్తరం వెళ్లాలి, దాని రసీదు మీ దగ్గరుండాలి. ఆ తర్వాత కూడా కార్డు నుంచి డబ్బు లాగేస్తుంటే బ్యాంకుతో మాట్లాడండి.

న్యూయార్క్‌లో కూడా ఈ 25 మైళ్ల నియమం ఉంది. ఆరు నెలలకు మించి వ్యాయామం చేయలేని స్థితి అని డాక్టర్ రాసిచ్చినా అక్కడ రద్దు చేసుకోవచ్చు. మీది వేరే రాష్ట్రమైతే దూరం, రుసుము మారొచ్చు. అక్కడి అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) వెబ్‌సైట్‌లో చూడండి.

కొత్తగా చేరేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి చెబుతున్నా: సంతకం పెట్టిన వెంటనే మనసు మారితే ఏ కారణం చెప్పకుండా రద్దు చేసుకునే గడువు ఉంటుంది. కాలిఫోర్నియాలో కనీసం 5 పనిదినాలు, టెక్సాస్‌లో 3 పనిదినాలు, న్యూయార్క్‌లో 3 రోజులు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు సార్" అని సేల్స్ వాళ్లు నోటితో చెప్పింది కాంట్రాక్ట్‌లో ఉందో లేదో ఆ గడువులోపే చూసుకోండి. లేకపోతే రాయించుకోండి, రాయనంటే రద్దు చేసేయండి.

ఉత్తరం పంపినా కదలకపోతే అటార్నీ జనరల్ ఆఫీసులో ఆన్‌లైన్ ఫిర్యాదు పెట్టండి. అక్కడా తేలకపోతే చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది, లాయర్ లేకుండానే వెళ్లొచ్చు. ఏ రాష్ట్రమో కింద కామెంట్‌లో చెబితే, నేను పంపిన ఉత్తరాన్ని దానికి తగ్గట్టు మార్చి పెడతాను.