కొబ్బరిచెట్ల మాటున ధ్రువనక్షత్రం ఉంటే మౌంటు అమరిక

అమలాపురంలోని మీ పెరట్లో కొబ్బరిచెట్లు అడ్డువచ్చి ధ్రువనక్షత్రం కనబడటం లేదనీ, నిమిషం ఎక్స్‌పోజరుకే ఫొటోలో నక్షత్రాలు గీతలుగా సాగుతున్నాయనీ వ్రాశారు. కోనసీమలో ఆ నక్షత్రం సుమారు 16.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కనుక ఈ ఇబ్బంది సహజమే. అయినా దానిని చూడకుండానే మౌంటును, అంటే టెలిస్కోపును మోస్తూ ఆకాశపు కదలికకు తగ్గట్లు తిప్పే పీఠాన్ని, సరిచేసుకోవచ్చు, కాపు కాసే చెట్టును కొట్టించనక్కరలేదు.

ముందుగా దిక్సూచి సాయంతో మౌంటు అక్షాన్ని ఉత్తరానికి తిప్పి, ఎత్తు స్కేలును 16.5 వద్ద నిలపండి. ఒరాయన్ (వేటగాడు) రాశి నడికట్టులోని మింటాకా నక్షత్రం ఖగోళ మధ్యరేఖను, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా ఎదురుగా ఆకాశంలో ఊహించుకునే గీతను, దాదాపు ఆనుకొని ఉంటుంది. అది దక్షిణాన అత్యంత ఎత్తుకు చేరిన వేళ, ట్రాకింగ్ (మౌంటు మోటారు చుక్కను వెంబడించడం) నడుస్తుండగా, దానిని కెమెరా లైవ్‌వ్యూలో పెద్దది చేసి అయిదు నిమిషాలు గమనించండి. చుక్క దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు, ఉత్తరానికి జారితే పడమరకు మళ్ళి ఉన్నట్లు. ఆ తరువాత తూర్పున తక్కువ ఎత్తులో, అదే మధ్యరేఖ దగ్గర ఉన్న మరొక చుక్కను పట్టండి. అది దక్షిణానికి జారితే అక్షాన్ని పైకెత్తాలి, ఉత్తరానికి జారితే దించాలి. తెరపై దిక్కులు తికమకపెడితే టెలిస్కోపును కొద్దిగా ధ్రువం వైపు కదపండి, చుక్క ఎటు జరిగితే అటు దక్షిణం.

అన్నట్లు, తడి ఒండ్రునేలలో ట్రైపాడు కాళ్ళు మెల్లగా దిగబడుతూనే ఉంటాయి. వాటి కింద వెడల్పాటి నాపరాళ్ళు వేయకపోతే ఈ అమరిక తెల్లవారేదాకా నిలవదు.