టెక్ సందేహాలు: పాత డెస్క్‌టాప్‌ను ఫైల్ సర్వర్‌గా మార్చాలంటే...

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్, 4 టీబీ హార్డ్‌డిస్కులు రెండు ఉన్నాయి. ఇంట్లో అందరి ఫొటోలు, పత్రాలు వీటిలో దాచుకోవాలి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మేలు? రెయిడ్ (పలు డిస్కులను కలిపి వాడే పద్ధతి) పెట్టుకుంటే సరిపోతుందా?

ముందు ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే విధానం) సంగతి తేల్చుకోండి. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడమంటాను. ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఉంచే మామూలు రెయిడ్ 1లో ఆ కాపీలకు తేడా వస్తే ఏది సరైనదో తేల్చే ఆధారం ఉండదు. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకూ (డేటా ముక్కకూ) చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తేల్చే సంఖ్య) లెక్కగట్టి, ఆ బ్లాకును చూపే పాయింటర్‌లో దాస్తుంది. చదివేటప్పుడు లెక్క తప్పిందా, రెండో డిస్కులోని మంచి కాపీ ఇచ్చి, చెడినదాన్ని అప్పటికప్పుడే సరిచేస్తుంది.

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ ముందే ఉంటుంది. డెబియన్ లినక్స్‌లో అయితే ప్యాకేజీల ‘కాంట్రిబ్’ విభాగం నుంచి వేసుకోవాలి. కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) అప్‌డేట్ అయినప్పుడల్లా జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ మళ్లీ కంపైల్ అవుతుంది. అది విఫలమైతే రీబూట్ తర్వాత పూల్ (డిస్కులను కలిపి చేసిన నిల్వ) కనిపించదు. కంగారు పడకండి, డేటా ఎక్కడికీ పోదు. బూట్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుంటే తిరిగొస్తుంది. కమాండ్లు రానివారికి ఫైల్ సర్వర్ల కోసమే చేసిన ట్రూనాస్ అనే సిస్టమ్ ఉంది. బ్రౌజర్‌లోనే అన్నీ చేసుకోవచ్చు గానీ, బూట్ కోసం విడిగా చిన్న ఎస్‌ఎస్‌డీ కావాలి.

డిస్కులు సీఎంఆర్ (ట్రాకులు ఒకదానిపై ఒకటి పడని) రకమో కాదో తయారీదారు స్పెసిఫికేషన్లలో చూడండి. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత పడి ఉంటాయి కాబట్టి, చెడిన డిస్కు మార్చాక జరిగే రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటాను తిరిగి రాయడం) రోజుల తరబడి సాగుతుంది. తర్వాత డిస్కు ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్‌తో లాంగ్ టెస్ట్ పెట్టండి. 4 టీబీ డిస్కుకు చాలా గంటలే పడుతుంది. నివేదికలో 5, 197 నంబర్ల (చెడిన, అనుమానమున్న సెక్టర్ల) ‘రా’ విలువలు సున్నా ఉండాలి. 199 (డేటా రవాణాలో తప్పులు) పెరుగుతూ పోతుంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి, డిస్కు బాగానే ఉండొచ్చు.

పూల్‌ను మిర్రర్‌గా (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండేలా), యాషిఫ్ట్ (సెక్టర్ పరిమాణం చెప్పే సెట్టింగ్) 12తో సృష్టించండి. ఈ విలువను తర్వాత మార్చే వీల్లేదు. డిస్కులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కాకుండా ‘బై-ఐడీ’ పేర్లతో ఇవ్వండి. రీబూట్‌తో అక్షరాలు తారుమారు కావొచ్చు. చెడిన డిస్కు ఏదో సీరియల్ నంబరు చూసి పోల్చుకోవడానికీ ఇదే దారి. ఎల్‌జెడ్4 కంప్రెషన్ ఆన్ చేయండి. వాడకం 80 శాతం దాటనివ్వొద్దు, వేగం పడిపోతుంది. నెలకోసారి స్క్రబ్ (మొత్తం డేటాను చదివి సరిచూడటం) తప్పనిసరి. డెబియన్ ప్యాకేజీ ప్రతి నెలా రెండో ఆదివారం తనే నడుపుతుంది. ఫ్రీబీఎస్‌డీలో మీరే ఆన్ చేసుకోవాలి.

ఇక రెయిడ్ సరిపోతుందా అంటే, సరిపోదు. ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. రోజూ స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని ఫైళ్ల స్థితిని పట్టి ఉంచేది) తీస్తే ఆ గండం గడుస్తుంది. పవర్ సప్లై కాలి రెండు డిస్కులూ పోతే స్నాప్‌షాట్లూ పోతాయి. కాబట్టి మూడో డిస్కు కొని, దానిమీద ఇంకో పూల్ చేసి, వారానికోసారి జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్, రిసీవ్‌తో కాపీ పంపి, ఊడదీసి వేరేచోట ఉంచండి. అప్పుడప్పుడు దాన్నుంచి కొన్ని ఫైళ్లు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

ప్రశ్న: ఒక డిస్కుతోనే పూల్ చేశాను. ఇప్పుడు రెండోది కలిపి మిర్రర్ చేయాలి. ‘జెడ్‌పూల్ యాడ్’ వాడాలా?

వద్దు! వాడాల్సింది ‘అటాచ్’. పాత డిస్కు పేరు, కొత్త డిస్కు పేరు ఆ వరుసలోనే ఇవ్వాలి. ‘యాడ్’ చేస్తే డేటా రెండింటిమీదా పరుచుకుంటుంది. ఏ ఒక్కటి చెడినా మొత్తం పోతుంది. ఒకే డిస్కున్న పూల్ విషయంలో ఈ కమాండ్ హెచ్చరించను కూడా హెచ్చరించదు. పొరపాటున ఇప్పటికే చేసి ఉంటే, రెయిడ్‌జెడ్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో డిస్కులను కలిపే మరో పద్ధతి) లేని పూల్ కాబట్టి ‘జెడ్‌పూల్ రిమూవ్’తో ఆ డిస్కును బయటికి తీయొచ్చు. దానిమీది డేటా మొదటి డిస్కుకు తరలేవరకు ఆగి, అప్పుడు అటాచ్ చేయండి.

ప్రశ్న: ఈసీసీ (తప్పులను తనే సరిదిద్దుకునే) ర్యామ్ లేకుండా జెడ్‌ఎఫ్‌ఎస్ వాడకూడదా?

వాడొచ్చు. చెడిన ర్యామ్ ఏ ఫైల్ సిస్టమ్‌కైనా ప్రమాదమే. మదర్‌బోర్డు ఈసీసీకి సపోర్ట్ చేస్తే వేసుకోండి. లేదంటే డేటా ఎక్కించేముందు రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ మార్చాల్సిందే.